ఒంగోలు ఆవుకు నెల్లూరు పేరు ఎలా వచ్చింది? జిల్లా గీతల కథ

2025 ఫిబ్రవరిలో తెలుగు పేపర్లు, టీవీ ఛానళ్ళు ఒక తెల్లని ఆవు ఫొటోను పదేపదే చూపించాయి. బ్రెజిల్‌లో ఉన్న వయాటినా-19 అనే ఆ ఆవు విలువ దాదాపు 40 కోట్ల రూపాయలని, అది మన ఒంగోలు జాతిదేనని వార్త. ఒంగోలు పరిసరాల్లో పశువులు పెంచే రైతులకు అది సొంతింటి కబురే. అయితే బ్రెజిల్‌లో ఆ జాతిని ఒంగోలు అనరు, నెలోర్ అంటారు. నెల్లూరు అన్నమాట. గుండ్లకమ్మ నదికీ, హైదరాబాదుది కాని ఇక్కడి మూసీ నదికీ నడుమ మేసి పెరిగిన పశువుకు పెన్న ఒడ్డున ఉన్న ఊరి పేరు పడింది.

విదేశీయులు తెలియక పెట్టిన పేరని కొందరు దాన్ని కొట్టిపారేస్తారు. నిజానికి అందులో తప్పేమీ లేదు. ఆ పశువులు ఓడలెక్కడం మొదలైన 19వ శతాబ్దంలో ఒంగోలు తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేది. 1859లో రద్దయిన గుంటూరు జిల్లాను 1904 అక్టోబరు 1న మళ్ళీ ఏర్పాటు చేసినప్పుడు, ఒంగోలు తాలూకాను నెల్లూరు నుంచి విడదీసి అందులో కలిపారు. ఇక్కడ జిల్లా గీత పక్కకు జరిగింది కానీ, అప్పటికే సముద్రం దాటిన పేరు అక్కడే స్థిరపడిపోయింది.

పాత శాసనాలు వెతికేవాళ్ళకూ ఇదే అనుభవం ఎదురవుతుంది. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాల్లో ఒంగోలు తాలూకా శాసనాలు కూడా ఉన్నాయి. పుస్తకం బయటికి వచ్చేసరికి ఆ తాలూకా గుంటూరులోకి వెళ్ళిపోయింది. ఇవాళ ఒంగోలు పక్క పల్లెలో గుడి ముందున్న రాతి మీద ఏం రాసి ఉందో తెలుసుకోవాలంటే నెల్లూరు సంపుటమే తిరగెయ్యాలి.

1900లో ఒంగోలులో పుట్టి డెబ్బై మూడేళ్ళు బతికిన మనిషిని ఊహించుకుందాం. పుట్టింది నెల్లూరు జిల్లాలో. నాలుగో ఏట గుంటూరు జిల్లా వాడయ్యాడు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. 1972 డిసెంబరు 5న దానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, చిరునామాలో జిల్లా పేరు మాత్రం మూడుసార్లు మారింది. కందుకూరులో ఒక కుటుంబం దాచుకున్న కాగితాలు తీసినా ఇలాగే ఉంటుంది. తాతగారి దస్తావేజులో నెల్లూరు జిల్లా, నాన్న పేరున ఉన్న పాసు పుస్తకంలో ప్రకాశం జిల్లా, 2023లో పుట్టిన మనవడి బర్త్ సర్టిఫికెట్లో మళ్ళీ నెల్లూరు జిల్లా.

కాగితం మీద మారింది సరే, ఈ మార్పుల వల్ల మామూలు మనిషి రోజువారీ బతుకులో ఏం మారుతుంది? కొత్త జిల్లా ప్రకటన వచ్చిన ప్రతిసారీ పూలదండలు, టపాకాయలు, రాస్తారోకోలు చూస్తాం. ఈ ప్రశ్నను మాత్రం నిదానంగా వేసుకోం.

1970లో జరిగినదాన్ని ఒక బొంత కుట్టడంతో పోల్చవచ్చు. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల తాలూకాలు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తీసుకున్నారు. మొత్తం తొమ్మిది ముక్కలు. ఒకవైపు సముద్రం, చీరాల మగ్గాలు, సాగరు కాలువ. మరోవైపు నల్లమల అడవి, మార్కాపురం పలకల గనులు, వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్ట పొలాలు. గిద్దలూరు మాటలో రాయలసీమ వినిపిస్తుంది, కందుకూరు మాటలో నెల్లూరు, చీరాల మాటలో గుంటూరు. మూడు జిల్లాల్లోనూ దూరంగా, చివర్లో పడి ఉన్న ప్రాంతాలను కలిపి ఒక జిల్లా చేశారు. కర్నూలుకు మార్కాపురం దూరం, నెల్లూరుకు కనిగిరి దూరం, గుంటూరుకు ఒంగోలు దూరం. ఆ దూరాల బాధే వీటిని ఒక్కచోటికి తెచ్చింది. బాధ నిజమైనది, జిల్లా అవసరమూ నిజమైనదే. చిక్కల్లా ఏమిటంటే, ఒంగోలుకు వచ్చేసరికి గుంటూరు దూరం తీరిపోయింది కానీ, గిద్దలూరుకు దూరం తీరలేదు. కర్నూలు వైపు నుంచి ఒంగోలు వైపుకు మళ్ళిందంతే.

గిద్దలూరు నుంచి ఒంగోలు సుమారు 150 కిలోమీటర్లు. నల్లమల దాటితే వచ్చే నంద్యాల దానికి సగం దూరమే. జిల్లా కలెక్టరేట్లో సోమవారం పూట అర్జీలు తీసుకుంటారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ కార్యక్రమం పేరు మారుతుంది కానీ జనం నోట మాత్రం అది సోమవారం అర్జీయే. పొలం గట్టు తగాదాతోనో, ఆగిపోయిన పింఛనుతోనో ఒక ముసలాయన గిద్దలూరు నుంచి బయలుదేరాలంటే చీకటితోనే బస్సెక్కాలి. పోవడానికి దాదాపు నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు, నడుమ క్యూ. చార్జీలు, టీ, భోజనం, పోయిన ఒక రోజు కూలి. కలెక్టరు సారు సెలవులో ఉంటే మళ్ళీ సోమవారం. గెజిట్‌లో గీసిన గీత బరువు తెలిసేది ఆ బస్సు సీట్లోనే. జిల్లా మంచిదా చెడ్డదా అని కొలవాలంటే ముందు ఈ ప్రయాణాన్ని కొలవాలి.

పెద్దగా చర్చకు రాని మార్పు ఇంకొకటి ఉంది. 1974లో కాలేజీ సీట్ల కోసం రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినప్పుడు రాష్ట్రాన్ని యూనివర్సిటీ ప్రాంతాలుగా విడదీశారు. నెల్లూరు, కర్నూలు జిల్లాలు శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతంలోకి, గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతంలోకి వెళ్ళాయి. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతపు పిల్లలకే. అంటే నాలుగేళ్ళ ముందు గీత అలా జరగకపోయి ఉంటే కందుకూరు, కనిగిరి, మార్కాపురం పిల్లలు ఎస్వీయూ కింద ఉండేవాళ్ళు. గీత జరిగింది కాబట్టి ఏయూ కిందికి వచ్చారు. పక్కపక్కనే ఉన్న కావలి, కందుకూరు పిల్లలు ఒకే కోచింగ్ సెంటర్లో చదివి, ఒకే ర్యాంకు తెచ్చుకున్నా, కౌన్సెలింగ్ దగ్గర వేర్వేరు వరసల్లో నిలబడ్డారు. 1975లో ఉద్యోగాలకు జోన్లు పెట్టినప్పుడు ప్రకాశం, గుంటూరు, నెల్లూరుతో పాటు మూడో జోన్‌లో పడింది, కర్నూలు నాలుగో జోన్‌లో పడింది. గిద్దలూరు కుర్రాడు ఏ జోన్‌లో ఉద్యోగానికి స్థానికుడో కూడా ఆ 1970 గీతే తేల్చింది. ఇది లాభమైందా నష్టమైందా అన్నది చదువును బట్టి, ఉద్యోగాన్ని బట్టి మారుతుంది. గీత గీసేవాళ్ళు ఇంత దూరం ఆలోచించి గీశారని మాత్రం అనిపించదు.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు కొలబద్ద లోక్‌సభ నియోజకవర్గం. లెక్కకు అది సులువు, మనుషులకు కాదు. చీరాల, పర్చూరు, అద్దంకి నియోజకవర్గాలు బాపట్ల లోక్‌సభలో ఉన్నాయి కాబట్టి బాపట్ల జిల్లాకు వెళ్ళాయి. చీరాలకు అది మేలే, బాపట్ల 20 కిలోమీటర్ల లోపే. అద్దంకికి మాత్రం ఒంగోలే దగ్గర. కందుకూరు నెల్లూరు లోక్‌సభలో ఉంది కాబట్టి నెల్లూరు జిల్లాకు వెళ్ళింది. కందుకూరు నుంచి ఒంగోలుకు బస్సెక్కితే గంటా గంటన్నరలో దిగొచ్చు, నెల్లూరు దానికి రెట్టింపు దూరం. సంతనూతలపాడు కూడా బాపట్ల లోక్‌సభలోదే అయినా ఒంగోలును ఆనుకునే ఉందని ప్రకాశంలోనే ఉంచారు. అంటే అవసరమనుకున్న చోట కొలబద్దను పక్కన పెట్టడం సాధ్యమేనని అప్పుడే తేలింది. కందుకూరు విషయంలో, అద్దంకి విషయంలో అదే పని ఎందుకు చెయ్యలేదన్న ప్రశ్నకు సరైన జవాబు రాలేదు.

ఆ పంపకంలో ఎక్కువ నష్టపోయింది పడమటి ప్రాంతం. చాలా కాలంగా ప్రత్యేక జిల్లా అడుగుతున్న మార్కాపురానికి 2022లో అది రాలేదు. కాలువ నీళ్ళున్న అద్దంకి, పర్చూరు, మగ్గాలూ వ్యాపారమూ ఉన్న చీరాల వెళ్ళిపోగా, మిగిలిన ప్రకాశం విస్తీర్ణంలో రాష్ట్రంలోనే అతి పెద్ద జిల్లా అయింది, దాదాపు 14,300 చదరపు కిలోమీటర్లు. జిల్లాలను చిన్నవి చేసి పాలనను జనం గడప దగ్గరికి తేవాలన్న సంకల్పం, ఎక్కువ దూరం ఉన్నచోటనే అమలు కాలేదు. 2025 నవంబరులో ప్రభుత్వం మార్కాపురం జిల్లా ఏర్పాటుకు, కందుకూరు, అద్దంకి ప్రాంతాలను తిరిగి ప్రకాశంలో కలపడానికి నిర్ణయం తీసుకుంది. పడమటి మండలాల వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన దీక్షలకు, బంద్‌లకు దక్కిన ఫలం అది. ఆ పోరాటాన్ని గౌరవించాలి. అదే సమయంలో ఒంగోలు అనుభవాన్ని వాళ్ళ ముందు ఉంచాలి. జిల్లా కేంద్రం అయిన ఊరికి ఏం దక్కుతుంది, ఏం దక్కదు అన్నది యాభై అయిదేళ్ళుగా ఒంగోలు వీధుల్లో కనిపిస్తూనే ఉంది.

జిల్లా కాకముందే ఒంగోలు చుట్టుపక్కలకు కేంద్రం. 1866లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఇక్కడే ఉండి పనిచేశారు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చిన వాళ్ళకు పని చూపించారు. మిషన్ బడులు, ఆస్పత్రి ఆ తర్వాత పెరిగాయి. ఒంగోలు 1876లోనే మున్సిపాలిటీ అయింది. 1899లో విజయవాడ–మద్రాసు రైలు మార్గం కలిసింది. ప్రకాశం పంతులు పుట్టింది వినోదరాయునిపాలెంలో. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. పూటకూళ్ళ ఇల్లు నడవాలంటే కోర్టు పనికో, కచేరి పనికో, బడికో బయటి ఊళ్ళ నుంచి మనుషులు వస్తూ ఉండాలి. అప్పటికే ఒంగోలు అలాంటి ఊరు. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన మనిషి, ఆ వచ్చిపోయే జనానికి వడ్డించిన అన్నం డబ్బులతో చదువుకున్నారు.

ఊళ్ళో పేర్లు వింటే ఇప్పటికీ ఆ దారులు తెలుస్తాయి. కర్నూలు రోడ్డు, నెల్లూరు బస్టాండు, అద్దంకి బస్టాండు. వకీళ్ళ వల్ల లాయర్‌పేట, సంత వల్ల సంతపేట. 1970లో గీసిన గీత ఈ దారులను కొత్తగా వెయ్యలేదు, ఉన్న దారుల మీదికి ఇంకొంత జనాన్ని పంపింది. కలెక్టరేట్, జిల్లా కోర్టు, జిల్లా పరిషత్తు వచ్చాయి. తర్వాత రిమ్స్ వచ్చింది. ఆఫీసుల చుట్టూ ఉద్యోగుల కాలనీలు, వాటి చుట్టూ ప్రైవేటు స్కూళ్ళు, నర్సింగ్ హోములు, ఇళ్ళ స్థలాల వ్యాపారం. పొగాకు, చీమకుర్తి గ్రానైటు డబ్బు కూడా ఊళ్ళోకి వచ్చి ఎక్కువగా స్థలాల్లోనే నాటుకుంది.

రానిది నీళ్ళు.

ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ పారుతుంది. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం వైపు నుంచి తిరిగి అద్దంకి మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది. కంభం చెరువు విజయనగర కాలం నాటిది. రెండు కొండల మధ్య ఇరుకులో చిన్న కట్ట వేసి అంత పెద్ద చెరువును నిలబెట్టిన తీరుకు 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ గుర్తింపు దక్కింది. అదే నది మీద, మన కాలంలో, మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర దాదాపు 3.8 టీఎంసీల రిజర్వాయరు కట్టారు. పొలాలకు నీళ్ళతో పాటు ఒంగోలుకు తాగునీరు కూడా దాని లక్ష్యాల్లో ఒకటి. 2022 ఆగస్టు 31న ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తర్వాత ఇంకొకటి పోయింది. నిల్వ ఉన్న నీళ్ళు కళ్ళ ముందే సముద్రం పాలయ్యాయి. అయిదు వందల ఏళ్ళ కిందటి కట్ట నిలబడి, మొన్న కట్టినదానికి గేట్లు నిలవకపోవడం మెయింటెనెన్స్ గురించి చెప్పాల్సినదంతా చెబుతుంది. గేట్ల తుప్పుకు గ్రీజు, పెయింటు, తీగల మార్పు ఏటా జరగాల్సిన పనులు. వాటికి శిలాఫలకం ఉండదు కాబట్టే అవి వెనకబడతాయి.

ఊరు తాగేది ఎక్కువగా కృష్ణ నీళ్ళు. నాగార్జున సాగరు కుడి కాలువ నుంచి వచ్చిన నీళ్ళను సమ్మర్ స్టోరేజి ట్యాంకుల్లో నింపి, శుద్ధి చేసి కుళాయిలకు వదులుతారు. కుడి కాలువకు ప్రకాశం చివరి జిల్లా. పైన పొలాల అవసరాలు తీరాక, దారిలో మోటార్లు తోడాక మిగిలింది ఇక్కడికి చేరుతుంది. సాగర్‌లో నీళ్ళు తగ్గిన ఏడాది కాలువ ముందుగా ఎండేది ఈ చివర్లోనే. అందుకే ఒంగోలు వీధుల్లో నీళ్ళు వచ్చే రోజు అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. రోజులు విడిచి వచ్చే ఆ గంటలో డ్రమ్ములు, సంపులు, బిందెలు అన్నీ నిండాలి. జిల్లా కేంద్రం హోదా ఉన్నా కాలువ చివర ఉన్న ఊరు కాలువ చివర ఉన్న ఊరే.

2012లో ఒంగోలు కార్పొరేషన్ అయింది. కొప్పోలు, పెళ్ళూరు, త్రోవగుంట లాంటి చుట్టుపక్కల పంచాయతీలు అందులో కలిశాయి. తొలి కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది మాత్రం 2021 మార్చిలో. నడుమ తొమ్మిదేళ్ళు ప్రత్యేక అధికారుల పాలన. కలిసిన పల్లెల్లో సర్పంచ్ పదవి పోయింది, కార్పొరేటర్ రాలేదు. వీధిలైటు వెలగకపోతే ఎవరింటి ముందు నిలబడి అడగాలో తెలియని కాలం అది. హోదా వచ్చిన రోజు సంబరం జరిగింది, పన్నుల లెక్క మారింది, ఓటు మాత్రం వెనక పడింది.

ఈ ప్రాంతానికే చెందిన ఒక పాత ఉద్యమం ఇక్కడ గుర్తుకు రావాలి. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసినప్పుడు, ఆ పన్నుల భారం మాకొద్దు, ఆ హోదా మాకొద్దు అని జనం ఎదురు తిరిగారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్ళు వదిలి ఊరి పొలిమేర దాటి, రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గీత లోపల ఉంటేనే కదా పన్ను, గీత బయటికి వచ్చేస్తాం అన్నది వాళ్ళ తర్కం. హోదా ఎవరి కోసం, దాని ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నను అంత సూటిగా అడిగినవాళ్ళు తక్కువ.

మార్కాపురం వైపు ఇదే ప్రశ్నను నీటితో కలిపి అడగాలి. అక్కడ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. కనిగిరి, మార్కాపురం పల్లెల్లో నడుము వంగిన, పళ్ళు పసుపెక్కిన మనుషులను తరాలుగా చూస్తున్నారు. శ్రీశైలం నీళ్ళను నల్లమల కొండల కింద సొరంగాల ద్వారా తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఒక్కో సొరంగం 18.8 కిలోమీటర్లు. ప్రకాశం, నెల్లూరు, కడప ఉమ్మడి జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు నీళ్ళు ఇవ్వాలన్నది లక్ష్యం. రెండో సొరంగం తవ్వకం 2024 మొదట్లో పూర్తయింది. సొరంగం పూర్తయినంత మాత్రాన పొలానికి నీళ్ళు రావు. ఆ నీళ్ళను నిలవచేసే నల్లమల సాగర్ రిజర్వాయరు నింపాలంటే ముంపు గ్రామాల వాళ్ళకు పునరావాసం పూర్తి కావాలి, కాలువలు తవ్వాలి. ఈ పనులకు కొత్త కలెక్టరేట్ దగ్గరగా ఉండటం కొంత సాయం చేస్తుంది, ముఖ్యంగా నిర్వాసితుల ఫైళ్ళ విషయంలో. వాళ్ళు ఇన్నాళ్ళూ ఒంగోలు దాకా తిరిగారు. ఆ తిరుగుడు తగ్గితే కొత్త గీతకు మొదటి సార్థకత అదే అవుతుంది.

గీతల కన్నా బలంగా జనం తిరిగే తీరును మార్చేది మరొకటి నడుస్తోంది. నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం, సుమారు 309 కిలోమీటర్లు, 2011–12 బడ్జెట్‌లో మంజూరైంది. వినుకొండ దాటాక దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోకి దిగి శ్రీకాళహస్తి చేరుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్ళ తర్వాత కూడా రైలు కూత వినని ఊళ్ళు ఇవి. మార్కాపురం, గిద్దలూరు గుంటూరు–గుంతకల్లు లైను మీద ఉన్నాయి, ఒంగోలు కోస్తా లైను మీద ఉంది. ఈ రెండింటినీ నేరుగా కలిపే రైలు దారి 1970లో లేదు, ఇప్పుడూ లేదు. కొత్త లైను కూడా ఒంగోలును తాకదు. అది పూర్తయిన రోజున కనిగిరి కుర్రాడు ఉద్యోగానికి, పొదిలి రోగి వైద్యానికి, దర్శి వ్యాపారి సరుకుకు గుంటూరు వైపో తిరుపతి వైపో రైలెక్కుతారు. ఒంగోలు బస్సు అప్పటికి దర్శి వాళ్ళకు అర్జీల కోసం, కోర్టు వాయిదాల కోసం ఎక్కే బస్సుగా మిగలవచ్చు. మార్కాపురం కలెక్టరేట్‌కు వెళ్ళాల్సిన కనిగిరి వాళ్ళకైతే ఆ రైలూ పనికిరాదు, రోడ్డే దిక్కు. పొదిలి నుంచి, కనిగిరి నుంచి మార్కాపురానికి తెల్లవారుజామున ఎన్ని బస్సులు వేస్తారు, సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి ఉంటుంది అన్నవి ఇప్పటి నుంచే అడగాల్సిన ప్రశ్నలు.